వ్యానులో కూర్చోబెట్టిన మనిషి

తిరుత్తణికి ముందు మలుపులో, జ్యోతి పట్టుకుని పరుగెత్తుతున్న మనిషిని ఆపారు. అతని చేతిలోని జ్యోతిని తీసి, జీపులో వచ్చిన ఇంకొకడికి ఇచ్చారు. అంతదాకా అతని వెనక పరుగెత్తినవాళ్ళంతా ఆ కొత్తవాడి వెనక పరుగెత్తారు. అతన్ని ఒక్కణ్ణి మాత్రం వ్యానులో కూర్చోమన్నారు. అతను కూర్చున్నాడు.

అన్యాయం ఇంతే. దీనికి ముందు జరిగిందీ తరువాత జరిగిందీ ఉంది, అదీ చెబుతాను. కానీ మొదటినుంచి చెప్పుకుంటూ వస్తే, ఇక్కడికి వచ్చేసరికి వినేవాళ్ళు "ఓహో, ఇంతేనా, పోనీలే" అంటారు. అట్లా అన్నవాళ్ళను ఇన్నేళ్ళలో చాలామందిని చూశాను. అందుకే దీన్ని ముందుగా నడివీథిలో పెట్టాను. పోనీలే అనేవాళ్ళు ఇప్పుడే అనుకుని దాటిపోవచ్చు.

డెబ్బైల చివర్లో తిరువళ్ళూరులో మాకొక పరుగుల సంఘం ఉండేది. పందేలు గెలిచే సంఘం కాదు. జైలు నుంచి వచ్చినవాళ్ళు, సారా మానేసి ఏం చేయాలో తోచనివాళ్ళు, ఇల్లు పోగొట్టుకుని సత్రంలో పడుకునేవాళ్ళు, ఇట్లాంటివాళ్ళను తెల్లవారుతూనే లేపి ఊళ్ళోవాళ్ళతో కలిపి పరుగెత్తించడం దాని పని. పరుగయ్యాక వాళ్ళకు పని వెతకడం, ఇంటివాళ్ళతో మాట్లాడి మళ్ళీ కలపడం. అది మా పని.

దాన్ని పెట్టింది బడిలో డ్రిల్లు చెప్పి మానుకున్న ఒక అయ్యవారు. వెంగల్ వైపు సేద్యగాళ్ళ ఇంటి మనిషి. మా మాదిరే ఇంట్లో తెలుగు, వీథిలో అరవం. ఆయన మీద నాకు ఎంత కోపం ఉన్నా అబద్ధం చెప్పను. అట్లాంటి పని అంతకు ముందు మా ఊళ్ళో ఎవరూ చేయలేదు, ఆ తరువాతా చేయలేదు. విడుదలయ్యే మనిషి కోసం ఇంటివాళ్ళెవరూ రారని తెలిస్తే తానే పోయి జైలు వాకిట్లో నిలబడేవాడు. పిలుచుకొచ్చి, తన ఇంట్లో స్నానానికి నీళ్ళు పెట్టించి, మరునాడు రైలుకట్ట పక్క మైదానంలో మా మధ్య నిలబెట్టేవాడు.

"ఒళ్ళు అలిసినోడికి నిద్ర పడతాది. నిద్ర పట్టినోడు సగం బాగుపడినట్టే. మిగిలిన సగం మనం చూస్తాం" అనేవాడు.

రెండు నియమాలు పెట్టాడు. వచ్చినవాణ్ణి, ఏం చేసి వచ్చావని ఎవరూ అడగకూడదు. అందరికంటే మెల్లగా పరుగెత్తేవాడు అందరికంటే ముందు ఉండాలి. అతని కాలు ఎంత వడిగా పడితే మిగిలినవాళ్ళ కాళ్ళూ అంతే. "ఎనకబడేవాడు అని ఒగడు ఉండకూడదప్పా. ఉంటే వాణ్ణి ముందర పెట్టండి!" నేను బడికి పోనివాణ్ణి. అరవం బస్సుల బోర్డుల మీద, తెలుగు మా నాయన పంచాంగంలో నేర్చుకున్నాను. పుస్తకాలు ఆ తరువాత నేనే వెతుక్కుని చదివాను. అప్పటికి చదివిన ఏ పుస్తకంలోనూ నాకు ఇంత మంచి మాట దొరకలేదు. ఆనాడు మనసులోనే ఆయనకు దణ్ణం పెట్టాను.

ఆ సంఘానికి నేను మొదట పోయింది మా బావ కోసం. తాగుడు మానతాడేమోనని పిలుచుకుపోయాను. బావ కొన్నాళ్ళు వచ్చి, "ఏంబా, తాగినప్పుడు ఒగసారి పడతాండా, మీతో వస్తే దినామూ పడతావుండానే" అని మానేశాడు. నేను మానలేకపోయాను.

మైదానం నుంచి బయలుదేరి, మా నేతవీథి దాటి, మణవాళనగర్ దాకా పోయి తిరిగి రావడం మా దారి. ఆ వేళకు నేతవీథిలో పడుగులు సాగదీసి గంజి పెడుతుంటారు. వీథి పొడుగునా నూలే. అది తెగితే ఆ ఇంటి కూడు తెగినట్టు. మేము వంగి, ఒదిగి, గోడలు రాసుకుంటూ పోవాలి.

"వచ్చె చూడు దొంగల దండు! పోగు తెగిందంటే కాళ్ళిరగ్గొడతా!" అని ఆడవాళ్ళు అరిచేవాళ్ళు.

అయ్యవారు నోట్లోని ఈల తీసి, "తెగితే అతికేదానికి మావోళ్ళలోనే నేతగాళ్ళుండారమ్మా!" అనేవాడు.

"దొంగ చెయ్యి తగిలిన చీర ఎవురు కట్టుకుంటారు సామీ?"

"నీకు తెలీకుండా కట్టుకొనే ఉంటావులే!"

వాళ్ళూ నవ్వేవాళ్ళు, మేమూ నవ్వేవాళ్ళం. జైలు చూసి వచ్చినవాళ్ళు కూడా కొన్నాళ్ళకు నవ్వడం మొదలుపెట్టేవాళ్ళు. మంచి రోజులు. మంచివని చెప్పడానికి కూడా ఇప్పుడు నోరు చేదెక్కుతుంది.

నేను చెబుతున్న మనిషి ఆ సంఘానికే వచ్చాడు. నేతగాడు. పెళ్ళయ్యాక తిరుత్తణిలో అత్తవారింట్లోనే ఉండి మగ్గం నేసేవాడు. అక్కడి నుంచే జైలుకు పోయాడు. ఏం చేశాడో నేను అడగలేదు, మీరూ అడగకండి. కొన్నేళ్ళు లోపల ఉండి వచ్చాడు. భార్య తిరుత్తణిలో తండ్రి దగ్గరే ఉంది. ఈ గడప తొక్కవద్దని మామ కబురు పంపాడు. అయ్యవారు అతన్ని జైలు వాకిలి నుంచి తెచ్చి, మా వీథిలో మగ్గాల షెడ్డులో పని చూసిపెట్టాడు. పరుగులో అతని పక్కన ఉండే పని నాకు అప్పగించాడు.

అతనికి పరుగు నేర్పాల్సిన పని లేకపోయింది. మంచి కాళ్ళు, మంచి ఊపిరి. నేర్పాల్సింది వేరే ఉండింది. టీకొట్టులో గ్లాసు ముందు పెడితే ముట్టుకునేవాడు కాదు. "తాగప్పా" అంటే అప్పుడు తాగేవాడు. ఒకసారి నేను ఎవరితోనో మాటల్లో పడి మరిచిపోతే, టీ మీద తెట్టె కట్టేదాకా చూస్తూ ఉన్నాడు. తలుపు తెరిచి ఉన్నా, రమ్మని ఎవరో ఒకరు అనేదాకా గడప బయటే. పరుగు మధ్యలో పక్కకు పోవాల్సి వస్తే నా మొహం చూసేవాడు.

"అన్నా, పోయి రానా?"

"పోప్పా! నన్నెందుకు అడిగేది? కడుపు నీది, కాళ్ళు నీవి."

"సరేన్నా" అనేవాడు. అయినా నేను చెయ్యి ఊపేదాకా కదిలేవాడు కాదు.

అయ్యవారు ఈల ఊది కూర్చోమంటే ఊళ్ళోవాళ్ళం మేము మూలుగుతూ, ఉమ్ముతూ, పక్కవాడితో పరాచికాలాడి అప్పుడు కూలబడేవాళ్ళం. జైలు నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఈల ఆగకముందే కూర్చునేవాళ్ళు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వరసగా. అయ్యవారికి అది చూస్తే ముచ్చట.

"వీళ్ళను చూసి నేర్చుకోండ్రా డిసిప్లిన్ అంటే!"

ఒకనాడు నేను ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాను.

"అయ్యోరా, అది డిసిప్లిన్ కాదు, బెదురు. ఆ బెదురు పోగొట్టేదానికి గదా మనముండేది?"

"నువ్వు పుస్తకాలు చదివి చెడిపోయినావు. కూకోమంటే కూకునేవాడు లోకంలో యాడైనా బతుకుతాడు."

"బతుకుతాడు. ఎట్ల బతుకుతాడో అది చెప్పండి."

"నీకు నోరెక్కువప్పా" అని ఈల ఊదాడు.

ఆయన మానలేదు, నేనూ మానలేదు. ఆయన కూర్చోబెడుతూ వచ్చాడు, నేను లేపుతూ వచ్చాను. మణవాళనగర్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. మేమెప్పుడూ ఎడమ దారి పట్టేవాళ్ళం. వాన పడిన ఒక ఉదయం మిగిలినవాళ్ళెవరూ రాలేదు, నేనూ ఆ నేతగాడూ ఇద్దరమే పోయాము. చీలిక దగ్గర అతను నా మొహం చూడలేదు. ఆగలేదు. కుడిపక్కకు తిరిగి పొలాల వైపు పరుగెత్తాడు. నేను నోరు మూసుకుని వెనక పోయాను. ఎందుకిట్లా తిరిగావని అడిగితే, మళ్ళీ నన్ను అడగడం మొదలుపెడతాడేమోనని భయం. కొంత దూరం పోయాక అతనే అన్నాడు.

"ఈపక్క గాలి బాగుండాదన్నా."

ఆనాడు ఇంటికి పోయి సేమియా పాయసం చేయమన్నాను.

"ఏం విశేషం?" అని అడిగింది మా ఇంటావిడ.

"ఒగ మనిషి కుడిపక్కకు తిరిగినాడు."

"మీ తలకాయ కూడా తిరిగినట్టుండాది" అంది. కానీ చేసింది.

ఆ ధైర్యంతోనే తిరుత్తణికి పోయి అతని మామను కలిశాను. పెద్దాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, నాడె ఆడిస్తూనే మాట్లాడాడు.

"మామా, ఆయన మారినాడు. ఒగసారి కండ్లారా చూడండి."

"చూసినా గదప్పా. పోయిన నెల మొబ్బు పడినాక వెనక సందులో నిలబడుకొని ఉండినాడు. నేను లాంతరు ఎత్తితే పారిపోయినాడు. నా కూతురి మొగుడు పెరటి గోడ చాటున నిలబడే మనిషా?"

"ఎవురూ రమ్మనలేదు గదా మామా, అందుకు నిలబడినాడు."

"రమ్మనేదానికి వాడేమన్నా కొత్త చుట్టమా? ఈ మగ్గం మీద నేసినోడు! రావాలంటే పగలు రావల్ల. వీథిలో రావల్ల. నలుగురూ చూస్తావుంటే రావల్ల."

లోపలినుంచి అతని భార్య గొంతు వినిపించింది. "నాయనా, ఆయన వచ్చేది నాకోసమా, నలుగురి కోసమా?"

"నువ్వు ఊరకుండు. రేపు నీళ్ళకు పోతే నలుగురూ అనేది నిన్నే."

"ఇప్పుడు మాత్రం దండలేస్తావుండారా?"

పెద్దాయన నాడె ఆపాడు. కూతురు చెప్పింది నిజమని ఆయనకూ తెలుసు. అప్పుడు నేను కృత్తిక పండగ సంగతి ఎత్తాను.

అరవవాళ్ళ ఆడి నెలలో వచ్చే కృత్తికకు తిరుత్తణి వీథులన్నీ కొండమీది సామికి మొక్కుకున్న కావళ్ళతో నిండిపోతాయి. నడిచి నడిచి వచ్చే సాముల కాళ్ళకు ప్రతి వాకిట్లోనూ ఆడవాళ్ళు పసుపునీళ్ళు పోస్తారు. ఎవరి కాళ్ళని అడగరు, ఏ కులమని అడగరు. కాళ్ళకు నీళ్ళు పోయించుకున్న మనిషిని దాహానికి లోపలికి పిలవకుండా పంపితే తప్పు. మా సంఘం కూడా ఏటా ఆనాడు తిరువళ్ళూరులో జ్యోతి వెలిగించి, చేతులు మార్చుకుంటూ తిరుత్తణి కొండ కిందికి పరుగెత్తుకుని పోయేది. వీళ్ళ వీథి మా దారిలోనే ఉంది.

"ఆయన మాల వేసుకొని, జ్యోతి పట్టుకొని, పట్టపగలు మీ వాకిట్లోకి వస్తే?"

పెద్దాయన చాలాసేపు నేత మీది పోగులు సవరించాడు.

"నా కూతురు నీళ్ళు పోస్తాది. పోసినాక ఆ కాళ్ళను వీథిలో నిలబెట్టేదానికి నాకు నోరు లేదు. నేనే లోపలికి పిలుస్తా. వీథిలో అందరికీ చెప్తా కూడా. కానీ ఒగటి. ఆ దినం రాకుంటే మళ్ళీ ఎప్పుడూ రావద్దు. నువ్వూ రావద్దు."

ఇదంతా నేను అయ్యవారికి పూసగుచ్చినట్టు చెప్పాను. చెప్పానా లేదా అన్నది ముందుముందు ముఖ్యం కాబట్టి మళ్ళీ రాస్తున్నాను: చెప్పాను. ఆమె ఏ వీథిలో, ఏ తిన్నె మీద నిలబడుతుందో కూడా చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మరునాడు మైదానంలో అందరి ముందూ అన్నాడు.

"కడాకు జ్యోతి వీడిది. కనకమ్మసత్రం దాటినాక వీడి చేతికిస్తా. కొండ కిందిదాకా వీడే."

ఆనాటి పరుగులో తిరిగి వస్తూ ఆ మనిషి నన్ను అడిగాడు.

"అన్నా, ఆమె నిజంగానే నీళ్ళు పోస్తాదా?"

"పోస్తాదప్పా."

"వేన్నీళ్ళు కాదు గదా?"

అతని నోట నేను విన్న మొదటి హాస్యం అది. ఇద్దరమూ పరుగాపి నవ్వాము.

ఆ యేడు ఒక రైసుమిల్లు యజమాని మా సంఘానికి వ్యాను ఇచ్చాడు, అందరికీ తెల్ల బనియన్లు కుట్టించాడు. అంతకు ముందు ఏళ్ళలో మా వెనక సైకిళ్ళే వచ్చేవి. ఆయన కొడుకు మాతో ఒక్క ఉదయం కూడా పరుగెత్తలేదు. ఆ కొడుకు పేరు కూడా మాకెవరికీ తెలియదు. బనియను వేసుకుని అయ్యవారు అద్దంలో అంతసేపు చూసుకోవడం చూసి, నాకు ఏదో అనిపించింది. కానీ వ్యాను ఇచ్చినవాణ్ణి అనుమానించడం మర్యాద కాదని ఊరుకున్నాను.

కృత్తిక నాడు నేను పరుగెత్తలేదు. పెద్దాయన పక్కన మన మనిషి ఒకడు ఉండాలని, ముందుగానే రైల్లో తిరుత్తణి చేరి ఆ తిన్నె మీద కూర్చున్నాను. వీథంతా నీళ్ళతో, వేపాకుతో, విభూతి వాసనతో ఉంది. పెద్దాయన తెల్లపంచె కట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు తానే చెబుతున్నాడు: "మా అల్లుడు వస్తావుండాడు, జ్యోతి పట్టుకొని." పెద్దాయన అంతగా మెత్తబడతాడని నేను అనుకోలేదు. ఆమె ఇత్తడి చెంబు పట్టుకుని తిన్నె దిగి నిలబడింది. తల్లో పూలు పెట్టుకుంది. కావళ్ళు ఎన్నో పోయాయి. పక్కింటివాళ్ళ చెంబులు నిండాయి, ఖాళీ అయ్యాయి, మళ్ళీ నిండాయి. ఆమె చెంబు మాత్రం ఆమె ఒంపలేదు.

అయ్యవారి ఈల వినిపించింది. తెల్ల బనియన్లు కనిపించాయి. ముందు జ్యోతి.

జ్యోతి కింద ఉన్న మొహం నేను ఎప్పుడూ చూడనిది. బొద్దుగా ఉన్న కుర్రవాడు, రొప్పుతూ, జ్యోతిని పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని వస్తున్నాడు. కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు. ఆడవాళ్ళు ఒక్క క్షణం ఆగి, సరే సామే కదా అని ఆ బూట్ల మీదే పసుపునీళ్ళు పోశారు.

ఎదురింటి ముసలమ్మ పెద్దాయన వైపు తిరిగి గట్టిగా అంది. "ఏమన్నా, మీ అల్లుడు లోపల బాగా తిన్నట్టుండాడే! బూట్లు కూడా ఇచ్చి పంపించినారే!"

వీథి మొత్తం నవ్వింది. పెద్దాయన మొహం నేను చూడలేకపోయాను. ఆమె మాత్రం నవ్వు విననట్టే, పరుగెత్తి పోయే కాళ్ళను ఒక్కొక్కటీ చూస్తూ ఉంది. చివరి కాళ్ళు పోయేదాకా చూసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"అన్నా, ఆయన రాలేదా, రానీలేదా?"

"తెలీదమ్మా. కనుక్కొని వస్తా."

కావళ్ళకు ఎదురు పరుగెత్తాను. దారిలో మా సంఘం మనిషి ఒకడు కాలు బెణికి కుంటుతూ వస్తూ కనిపించాడు. మలుపులో జరిగింది అతనే చెప్పాడు. జీపు వచ్చిందట, అందులో మిల్లు యజమానీ ఆయన కొడుకూ. కొండ కింద ఫొటో తీసేవాళ్ళు కాచుకుని ఉన్నారట. మిల్లు యజమాని దిగి అయ్యవారి చెవిలో ఏదో చెప్పాడట. అయ్యవారు ఈల ఊది పరుగు ఆపాడట. తరువాతిది మొదట్లోనే రాశాను.

వ్యాను మలుపు దగ్గర చింతచెట్టు నీడలో నిలబడి ఉంది. డ్రైవరు మజ్జిగ తాగడానికి పోయినట్టున్నాడు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అతను మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చేతులకు జ్యోతి నూనె, మసి.

"ఏమప్పా, ఇట్ల కూర్చునుండావు?"

"అయ్యోరు కూకోమన్నారన్నా."

"ఎందుకు?"

"పోటోలో నేను పడకూడదంట."

"ఎంతసేపు కూకోమన్నారు?"

"అది చెప్పలేదన్నా."

"జ్యోతి పోతే పోనీ! వట్టి చేతుల్తో వెనకాల పరిగెత్తి రావచ్చు గదా! ఆమె చెంబు పట్టుకొని వీథిలో నిలబడుకొని ఉండాదే!"

అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆ తరువాత నా వైపు.

"ఇప్పుడు లేసి రానా, అన్నా?"

చెయ్యి పట్టి లాక్కుపోయాను. మేము పోయేసరికి పెద్దాయన తిన్నె మీద ఒక్కడే ఉన్నాడు. జరిగింది నేను చెప్పాను. ఆయన విన్నాడు. నమ్మలేదని కూడా అనను.

"పగలు రమ్మన్నా" అన్నాడు.

"ఇదీ పగలే గదా మామా!"

"వీథి నవ్వి పోయినాక వచ్చే పగలు నాకొద్దప్పా. నేను నా నోటితో అందరికీ చెప్పుకున్నా."

ఆమె చెంబుతోనే గడప దాటి వచ్చింది. పెద్దాయన తిరిగి చూడకుండానే అన్నాడు. "పోస్తే పొయ్యి. పోసినాక వాడితోనే పో. మళ్ళీ ఈ ఇంటికి రావద్దు."

ఆమె ఆగింది. తండ్రి మాటకు భయపడి ఆగిందని వీథిలో అనుకున్నారు. నేను పక్కనే ఉన్నాను, అది కాదు. ఆమె మొగుడి వైపు చూస్తూ ఉంది. "రా" అని ఒక్క మాట అతను అంటే పోయి ఉండేది. అతను తిన్నె కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరైనా తనకు ఏదైనా చెబుతారని కాచుకుని ఉన్నాడు. నేను అతని వీపు మీద తట్టాను. "పిలవప్పా!" అన్నాను. అతను నోరు తెరిచాడు, పెద్దాయన వైపు చూశాడు, మూసుకున్నాడు. చాలాసేపటికి ఆమె లోపలికి పోయింది.

అతను మళ్ళీ మైదానానికి రాలేదు. మగ్గం షెడ్డుకూ రాలేదు.

నేను సంఘం మానలేదు. మానితే అయ్యవారికి ఏం నష్టం? కొత్తగా వచ్చినవాళ్ళకే నష్టం. కానీ అయ్యవారిని అడగడం మొదలుపెట్టాను. జ్యోతి ఆ కుర్రవాడికి ఎందుకిచ్చారని ఏనాడూ అడగలేదు. అది ఊరికంతా తెలిసిందే. వ్యానుకూ బనియన్లకూ ఇచ్చారు, అంతే. నా ప్రశ్న వేరు. మిగిలినవాళ్ళంతా ఆ కుర్రవాడి వెనక పరుగెత్తారు కదా, ఇతన్ని ఒక్కణ్ణి ఎందుకు కూర్చోమన్నారు? ఆ తిన్నె కింద ఆమె ఉందని తెలిసి కూడా?

మొదటి ఏడు "ఇప్పుడా అదంతా?" అన్నాడు. ఆ మీదటి ఏడు "సంఘం నడవాలంటే కొన్ని జరుగుతాయప్పా" అన్నాడు. ఒకసారి బస్‌స్టాండులో అడిగితే "నా బస్సు వచ్చింది" అని ఎక్కిపోయాడు. అది ఊత్తుకోట బస్సు, ఆయనకు ఊత్తుకోటలో పనేమీ లేదు. సంఘానికి ఒక గది వచ్చింది. గోడ మీద ఆ కృత్తిక ఫొటో పెట్టారు. కొండ, జ్యోతి, బొద్దు మొహం, పక్కన ఈలతో అయ్యవారు. కొత్తవాళ్ళకు దాన్ని చూపించి "మన సంఘం గొప్పతనం" అని చెప్పేవాళ్ళు. చెప్పినప్పుడల్లా నేను లేచి నా ప్రశ్న అడిగేవాణ్ణి. నన్ను పిచ్చివాడన్నారు. "వదిలెయ్యి తాతా" అనే వయసు కూడా వచ్చింది నాకు. వదిలెయ్యడానికి అది నా చేతిలో ఉన్న వస్తువా?

మధ్యలో ఒకసారి అతను ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర లారీలు కడుగుతున్నాడని విని పోయాను. టీకొట్టు ఆయన అతన్ని మెచ్చుకున్నాడు. "బంగారమాటి మనిషి సామీ, చెప్తే చేస్తాడు, చెప్పకపోతే కదలడు." తిరుత్తణికి పోదాం రమ్మని బతిమాలాను. బకెట్టు కింద పెట్టకుండానే అన్నాడు.

"వద్దన్నా. పగలు రమ్మనిరి, నేను రాలేదు. తప్పు నాదే గదా."

ఎవరి తప్పు ఎవరి నెత్తికెక్కిందో చూడండి.

పెద్దాయన కాలం చేశాక, తొంభైల మధ్యలో, ఆమెను చూడ్డానికి పోయాను. తండ్రి మగ్గం మీద ఇప్పుడు ఆమే నేస్తోంది. అతని జాడ చెప్పాను. తానే ఎలవూరుకు పోయి వచ్చానని చెప్పింది. పిలిచిందట. "పెద్దాయన రావద్దన్నాడు గదా" అన్నాడట. ఆ పెద్దాయన లేడని చెప్పినా అదే మాట అన్నాడట. అది చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. నాడె ఆపి నన్ను అడిగింది.

"అన్నా, మీ అయ్యోరిని ఒగ మాట అడుగుతావా? నేను అడగమన్నానని చెప్పు. నా మొగుణ్ణి ఎందుకు కూకోబెట్టినారు?"

మరునాడు ఉదయం మైదానానికి పోయాను. అయ్యవారు పండిపోయాడు, అయినా మెడలో ఈల ఉంది. అప్పుడే కొత్తవాళ్ళను కూర్చోబెట్టాడు. నన్ను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"అయ్యోరా, ఈపొద్దు అడిగేది నేను కాదు. ఆమె. చెంబు పట్టుకొని నిలబడిన ఆమె. నా మొగుణ్ణి ఎందుకు కూకోబెట్టినారో కనుక్కొని రమ్మనింది. నాకు చెప్పకపోయినా సరే. ఆమెకు చెప్పాల్సిందే."

ఇంతకాలం దాటవేసిన మనిషి ఆనాడు దాటవేయలేదు. ఈల చేత్తో పట్టుకుని, వరసగా కూర్చున్నవాళ్ళందరూ వింటుండగా, గొంతు ఎత్తి చెప్పాడు:

"అవును, కూకోమన్నా. నేనే అన్నా. లేవొద్దని అన్నానా? తలుపు తెరిచే ఉండె, కాళ్ళు వాడివే. లేసి రానోడికి నేనేం చేసేదప్పా? పో, పోయి ఆమెకు ఇదే చెప్పు."